బాగన్ డాటోలో అత్తయ్య భోజనం

మా అత్తయ్య సలోమి గారి గురించి ఎవరైనా రాయాలంటే నేనే రాయాలి. ఆవిడ తెలిసినవాళ్ళు ముక్తేశ్వరంలో చాలామంది ఉన్నారు గాని, ఆవిడతో కలిసి సముద్రం దాటినవాణ్ణి నేనొక్కణ్ణే. మావయ్య ప్రభాకరరావు గారు, వాళ్ళమ్మాయి సుగుణ కూడా దాటారు, కాదనను. మావయ్యగారు పడుకుని దాటారు, సుగుణ వాంతులు చేసుకుంటూ దాటింది. కళ్ళు తెరుచుకుని దాటినవాణ్ణి నేనే. సుగుణ నా పెళ్ళాం. ఈ మాట చదివి ఏమంటుందో నాకు తెలుసు. అననివ్వండి.

నేను ఎనిమిదో తరగతిలో బడికి సెలవు పెట్టాను. ఆ సెలవు ఇంకా పూర్తి కాలేదు. మేనమామ హెడ్మాస్టరై ఉండి మేనల్లుడికి చదువు అబ్బలేదని చుట్టాలందరూ బాధపడ్డారు. నేను మాత్రం కోటిపల్లి రేవులో పంటు మీద పనికి కుదిరి, గోదావరి దాటించని మనిషి లేడనిపించుకున్నాను. ఒక వరదలో తాడు తెగి పంటు సముద్రం దారి పడితే, మనుషులతో, ఎడ్లతో, పెళ్ళివారితో సహా ఒక్క గెడతో వెనక్కి తోసుకొచ్చాను. కొంత సాయం పులసలు చేశాయి. ఏటికి ఎదురీదే చేప కదా, నాతో పాటే తోశాయి. ఇది మీరు నమ్మకపోయినా నష్టం లేదు. అత్తయ్య సంగతి మాత్రం నమ్మండి. అందులో నేను పెంచి చెప్పడానికి చోటు దొరకలేదు.

అత్తయ్య మా ఊరి మనిషే గాని పుట్టింది మలయాలో. సింగపూరంటే అందరికీ తెలుసు, రంగం, అదే రంగూను, మా తాతల నాటి నుంచీ తెలుసు. బాగన్ డాటో అనే ఊరొకటి భూమ్మీద ఉందని తెలిసినవాళ్ళు మాత్రం మా తాలూకా మొత్తం మీద మా ఇంట్లోనే ఉండేవారు. అది సముద్రపు ఒడ్డున కొబ్బరి తోటల ఊరు. అత్తయ్య తండ్రి మత్తయి గారు దింపు మనిషి, కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపడం ఆయన పని. ఆయన ఎక్కే చెట్లు ఎంత పొడుగంటే, నున్నగా గీసుకున్న గడ్డంతో ఎక్కినవాడు దిగేసరికి మళ్ళీ మంగలి కావలసి వచ్చేదట. కూలీల్ని తోలుకుపోయే మేస్త్రీ ఒకడు వచ్చి, దేశం మారినా చెట్టు మారదయ్యా, అక్కడా కొబ్బరే అన్నాడు. ఆ మాట పట్టుకుని మత్తయి గారు కొత్త పెళ్ళికూతురు రూతమ్మ గారితో ఓడెక్కేశారు.

సలోమికి తొమ్మిదో ఏడు వచ్చినప్పుడు ఇక్కణ్ణుంచి కబురు వెళ్ళింది, మత్తయి గారి తల్లి ఇవాళో రేపో అన్నట్టుందని. అప్పటికి రూతమ్మ గారి ఒళ్ళో పాలు తాగే పిల్ల, హన్నా. అంత పసిదానితో ఓడ ప్రయాణం వద్దనుకున్నారు. పెద్దదాన్ని నాయనమ్మకి చూపించి, వచ్చే ఓడకి తిరిగి వెళ్ళిపోదామని మత్తయి గారు సలోమిని మాత్రం వెంటబెట్టుకుని వచ్చారు. వీళ్ళిక్కడ దిగారో లేదో అక్కడికి యుద్ధం వచ్చింది. జపాను వాళ్ళు వచ్చారు, ఓడలు ఆగిపోయాయి. ఇవాళో రేపో అన్న ముసలావిడ మనవరాల్ని చూసుకున్న సంతోషంలో మంచం దిగి, మరో పదిహేనేళ్ళు నిక్షేపంలా తిరిగింది. మత్తయి గారే విషజ్వరం తగిలి పోయారు.

అలా మా అత్తయ్య నాయనమ్మ చేతికింద కొబ్బరి పీచు నానబెట్టి, తాళ్ళు పేని పెరిగారు. తరవాత మిషను బడిలో నాలుగు ముక్కలు నేర్చుకున్నారు. మా మావయ్యగారికి ఇల్లాలయ్యారు. ఆయన బడిలోనే మధ్యాహ్నం పిల్లలకి గోధుమనూక ఉప్మా వండి పెట్టేవారు. ఊళ్ళో ఇవాళ ఉద్యోగాలు వెలగబెడుతున్న సగం మంది ఆ ఉప్మా తిన్నవాళ్ళే. నేనూ తిన్నాను, చదువు సంగతి వేరు. ఆవిడ మాత్రం పిట్ట తిన్నట్టు తినేవారు. కంచంలో గుప్పెడు మెతుకులు, అందులో సగం కోడిపిల్లలకి. మాట కూడా అంతే, గుప్పెడే. అయితే ఆ గుప్పెడులోనూ మర్యాద నిండుగా ఉండేది. దారికి అడ్డంగా నిలబడిన గేదెని కూడా "కాస్త జరగండి" అనేవారు. ఇది పెంచి చెప్పింది కాదు. గేదె జరిగేది కూడా.

యుద్ధం అయ్యాక ఎవరో రాసిపెట్టగా రూతమ్మ గారి ఉత్తరం వచ్చింది. ఆవిడా, చిన్నదీ బతికే ఉన్నారు. అప్పటి నుంచి ఏడాదికోసారి ఉత్తరం, ఏడాదికోసారి జవాబు. ప్రతిసారీ మావయ్యగారు "వచ్చే ఏడు తప్పకుండా" అనేవారు. వచ్చే ఏడు నాయనమ్మకి జబ్బు. ఆ వచ్చే ఏడు సుగుణ పుట్టింది. ఇంకో ఏడు పాస్‌పోర్టు కాగితాలు వెనక్కి వచ్చాయి. అత్తయ్య ఎదురు చెప్పేవారు కాదు. "ఆయ్, అలాగేనండి" అనేవారు. అలా అంటూ అంటూ ఆవిడ జుట్టు నెరిసిపోయింది. తల్లి మొహం మరిచిపోయారు. ఒకసారి మా సుగుణతో చెప్పారట, "మొహం రావట్లేదే. చెయ్యి ఒక్కటి గుర్తుంది. కొబ్బరి ఎండబెట్టే పొగ వాసనేసేది." రూతమ్మ గారు ఎస్టేటులో కొబ్బరి కురిడీలు పొగబెట్టే కొట్టంలో పనిచేసేది.

1980లో మావయ్యగారు రిటైరయ్యారు. అదే వేసవిలో ఉత్తరం వచ్చింది, అమ్మకి చూపు తగ్గింది, దగ్గు ఎక్కువైంది, పెద్దది ఎప్పుడొస్తుందని అడుగుతోంది అని. మావయ్యగారు ఆ ఉత్తరం చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "సలోమీ, ఇంక వచ్చే ఏడు అననులే" అన్నారు. మా పెళ్ళయి అప్పటికి ఏడాది. అత్తామామలిద్దరే అంత దూరం ఎలా వెళతారు, నీళ్ళ మీద అనుభవం ఉన్నవాడు ఒకడుండాలి కదా అని నేను ముందుకొచ్చాను. నువ్వు లేకపోతే ఓడ కదలదా అని సుగుణ అడిగింది. కదలదన్నాను. దాంతో తనూ బయల్దేరింది.

చీర కొనడానికి బండారులంక వెళ్ళాం. మగ్గం మీంచి లేచొచ్చిన సోమేశ్వరరావు గారు చాప మీద చీరలు పరిచి, "ఎవరికండమ్మా?" అని అడిగాడు.

"మా అమ్మకండి."

"పొడుగు మనిషాండి, పొట్టి మనిషా? ఒంటి రంగెలాగుంటాదండి? దాన్ని బట్టి తీద్దారి."

అత్తయ్య ఒక చీర అంచు చేతిలోకి తీసుకున్నారు. "తెలీదండి" అన్నారు. "నేను ఆవిడ నడుం దాకా వచ్చేదాన్ని. అంతవరకే తెలుసండి."

సోమేశ్వరరావు గారు ఆకుపచ్చ అంచున్న పసుపు చీర తనే తీసి మడతపెట్టి, "ఏ తల్లికైనా బావుంటాదండి ఇది" అని చేతిలో పెట్టాడు.

బయల్దేరే వారంలో మా ఇంటికి వచ్చిన జనాన్ని చూస్తే పెళ్ళి చేస్తున్నామనుకోవాలి. ఉత్త చేతులతో ఎవరూ రాలేదు. ఆవకాయ జాడీలు, పూతరేకుల పెట్టె, కొబ్బరి లౌజు డబ్బా. వద్దని ఎవరితోనూ అనలేరు కదా అత్తయ్య. ఐనవిల్లి నుంచి గంగాధరరావు గారనే ఆయన వచ్చి, చిన్నప్పుడు బర్మా పోయిన బాబాయిగారి ఆచూకీ కనుక్కురమ్మన్నాడు.

"బర్మా వేరండి, మేం వెళ్ళేది మలయా" అని మావయ్యగారు భూగోళం విప్పబోయారు.

"అదేనండి, దారిలో తగుల్తారేమో కాస్త చూద్దురూ."

"ఆయ్, కనబడితే చెబుతామండి" అన్నారు అత్తయ్య. మావయ్యగారు భూగోళం మూసేశారు.

మద్రాసులో ఓడెక్కే ముందు టెలిగ్రాం ఇచ్చాం. ఆ ఓడ ఎంత పెద్దదంటే, ఈ చివర మనిషికి దాహమేస్తే ఆ చివర నుంచి నీళ్ళు వచ్చేసరికి దాహం తీరిపోయేది. మొదటి రెండు రోజులూ నేను తప్ప అందరూ పడకేశారు. సముద్రం తిరగబడడం ఆగాక అత్తయ్య లేచి రోజూ సాయంత్రం కమ్మీ పట్టుకుని నిలబడేవారు. ఒకనాడు సుగుణని పిలిచి చాలా మెల్లిగా అడిగారు.

"అమ్మని నువ్వు అనాలంటావా, మీరు అనాలంటావా?"

నేను ఊరుకుంటానా. "గేదెని మీరంటారు, అమ్మకి ఆ మాత్రం మర్యాద లేదా అత్తయ్యగారూ" అన్నాను.

ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. "చిన్నప్పుడు నువ్వనేదాన్ని బాబూ. ఇప్పుడలా అంటే బాగోదు కదా, పెద్దావిడ. మీరంటేనేమో, ఇదెవరో పరాయిది అనుకుంటుంది. కళ్ళు కూడా సరిగ్గా ఆనట్లేదంట." ఆ రాత్రి తన పడక మీద కూచుని పెదాలు కదుపుతూ ఉన్నారు. ప్రార్థన చేసుకుంటున్నారనుకున్నాం.

పెనాంగులో దిగాం. రేవులో తెల్లచొక్కా వేసుకున్న బక్కపలచని మనిషి మా పేర్లు రాసిన అట్టముక్క పట్టుకుని నిలబడ్డాడు. హన్నా గారి భర్త, లాజరు. తెలుగు మాటే గాని అరవం యాస కలిసిన తెలుగు. అత్తయ్య నమస్కారం పెడుతూనే, "అమ్మ ఎలా ఉన్నారండి?" అన్నారు.

"వెళ్దాం కదండీ. బస్సు వచ్చేసింది" అన్నాడాయన పెట్టెలు అందుకుంటూ.

బస్సులు మారుకుంటూ దాదాపు రోజంతా ప్రయాణం. ఆ పెద్దమనిషి మౌనం చూడలేక నేను పంటు కథ మొదలుపెట్టాను. లాజరు గారు శ్రద్ధగా విన్నాడు. పులసలు వచ్చి తోసిన చోట ఊరుకుని, తాడు తెగిన చోట నవ్వాడు. నా కథ విని తప్పు చోట నవ్విన మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. బొత్తిగా రసికత లేని వాడనుకున్నాను. అత్తయ్య మాత్రం వెనక సీట్లోంచి ఉండుండి అడుగుతూనే ఉన్నారు. అమ్మ లేచి కూచుంటున్నారా అండి? అన్నం సయిస్తోందా అండి? ప్రతిదానికీ ఆయన "వచ్చేసాం, వచ్చేసాం" అనేవాడు. అప్పటికి ఇంకా సగం దారి కూడా రాలేదు.

సాయంత్రానికి బాగన్ డాటో చేరాం. కిటికీలోంచి చూసి సుగుణ, "ఇంతోటి దానికి సముద్రం దాటాలా, అమలాపురం బస్సెక్కితే సరిపోయేది" అంది. నిజమే, అచ్చం మా ఊరే. అవే కాలవలు, అవే కొబ్బరి చెట్లు, అదే ఉప్పుగాలి. ఎస్టేటు కూలీల లైన్లలో చెక్కగోడల ఇల్లు. గుమ్మంలో నిలబడిన మనిషిని చూసి మావయ్యగారు గతుక్కుమన్నారు. అత్తయ్యే, కాకపోతే ఎనిమిదేళ్ళు చిన్న. అదే నుదురు, అదే నిలబడే తీరు. అక్కాచెల్లెళ్ళిద్దరూ చేతులు పట్టుకుని అలా ఉండిపోయారు. ఎవరూ ఏడవలేదు.

"అమ్మేరి?" అన్నారు అత్తయ్య.

"ముందు కాళ్ళు కడుక్కోండక్కా" అంది హన్నా గారు. అచ్చమైన మా వైపు మాట. పుట్టి బుద్ధెరిగి కోనసీమ చూడని మనిషి. "అంత దూరం నించి వచ్చేరు. భోజనాలు చేద్దురుగాని. అమ్మ దగ్గరికి తరవాత వెళదాం."

అత్తయ్య చెల్లెలి మొహంలోకి చూశారు. "ఆయ్" అన్నారు. వెళ్ళి కాళ్ళు కడుక్కున్నారు.

చాపలు వేసి కంచాలు పెట్టారు. అన్నం, వంకాయ ఎండుచేపల కూర. మావయ్యగారు అలవాటు ప్రకారం తల వంచి ప్రార్థన చేశారు. ప్రయాణం క్షేమంగా జరిపించినందుకు, ఈ ఆహారానికి, మా అత్తగారు రూతమ్మని ఇన్నేళ్ళూ ప్రాణాలతో కాపాడి మమ్మల్ని చూసే భాగ్యం ఇచ్చినందుకు స్తోత్రములు తండ్రీ అన్నారు. ఆమేన్ అన్నాం నేనూ సుగుణా. లాజరు గారు అనలేదు. హన్నా గారు అన్నం గిన్నె పట్టుకుని గోడ వైపు తిరిగింది. ఆవిడా అనలేదు. కాసేపయ్యాక అత్తయ్య ఒక్కరే, "ఆమేన్" అన్నారు.

తినడం మొదలుపెట్టారు. అత్తయ్య తన ఇంట్లో ఎండుచేప వండనిచ్చేవారు కాదు, మాస్టారి ఇంట్లో ఆ వాసనేమిటని. అలాంటి మనిషి కూర కలుపుకుని, ముద్ద మీద ముద్ద, కంచం ఖాళీ చేసి, "ఇంకొంచెం పెట్టమ్మా" అన్నారు. హన్నా గారు పెట్టింది. అదీ అయ్యింది. "ఇంకొంచెం."

"ఏమిటి సలోమీ, పొట్ట పాడవుతుంది" అన్నారు మావయ్యగారు.

నేను నవ్వుతూ, "ఓడలో తిన్నదంతా సముద్రానికి ఇచ్చేసేరు కదండీ, ఆ లెక్క పూడ్చుకుంటున్నారు" అన్నాను. ఎవరూ నవ్వలేదు. సుగుణ నా మోకాలి మీద గట్టిగా చెయ్యి వేసింది. తన వైపు చూస్తే తను అమ్మ వైపు చూస్తోంది. అత్తయ్య కళ్ళు కంచంలోనే ఉన్నాయి, చెయ్యి మాత్రం తొందరపడకుండా మెతుకు మెతుకూ ఏరుతోంది.

అప్పటికి నా మట్టిబుర్రకి వెలిగింది. మా వైపు ప్రయాణం చేసి వచ్చిన వాళ్ళకి ఆకలి కడుపు మీద చావుకబురు చెప్పరు. చెబితే ముద్ద దిగదు. ముందు తిననిచ్చి, చెయ్యి కడిగాక చెబుతారు. మత్తయి గారు పోయిన రోజున చెరువు కాడ పీచు నానబెట్టి ఇంటికొచ్చిన సలోమికి నాయనమ్మ అలాగే చల్దన్నం పెట్టి, చేతి మీద నీళ్ళు పోసి, అప్పుడు చెప్పిందట. మలయాలో పుట్టి పెరిగిన హన్నా గారికి ఈ మర్యాద నేర్పగలిగిన మనిషి ఒక్కతే. ఆ మనిషే ఇంట్లో కనబడడం లేదు.

చెయ్యి కడగనంతసేపూ కబురు రాదు. కబురు రానంతసేపూ రూతమ్మ గారు ఆ చెక్కగోడ అవతల దగ్గుకుంటూ పడుకుని ఉన్నట్టే. గుప్పెడు తినే మా అత్తయ్య అందుకోసం తింటున్నారు.

"ఇంకొంచెం ఉందామ్మా?"

గిన్నె అడుగు గోకిన చప్పుడు అందరికీ వినిపించింది. హన్నా గారు ఖాళీ గిన్నెలోకి చూసి, అక్క వైపు చూసి, "ఉందండక్కా, ఇప్పుడే వండేస్తాను" అంది. వెళ్ళి బియ్యం కడిగి ఎసట్లో పోసింది. కొబ్బరి డొక్కలు ఎగదోసి మంట పెద్దది చేసింది. ఆవిడకీ తెలిసిపోయింది మరి. వద్దనలేదు, చెప్పెయ్యలేదు. అక్క అడిగింది, వండుతోంది.

మేమందరం ఖాళీ కంచాల ముందు అలాగే కూచున్నాం. తిన్న చెయ్యి కంచంలో ఆరకూడదంటారు. అందరి చేతులూ ఆరిపోయాయి. నా జన్మలో నోరు మూసుకుని అంతసేపు కూచోవడం అదే మొదలు. అన్నం కుతకుతలాడడం, బయట మట్టల మీద గాలి, అంతే. మావయ్యగారికి అప్పుడు అర్థమైంది. తను చేసిన ప్రార్థన గుర్తొచ్చిందేమో, ఎడమచేత్తో కళ్ళజోడు తీసి పక్కన పెట్టుకున్నారు.

వార్చిన అన్నం పొగలు కక్కుతూ తెచ్చి హన్నా గారు అక్క కంచంలో వడ్డించింది. అడుగున మిగిలిన చేపముక్క కూడా వేసింది. అత్తయ్య ముట్టుకోలేదు.

"నువ్వెప్పుడు తిన్నావు?" అన్నారు.

లాజరు గారు గుమ్మం దగ్గర నుంచి, "సరిగ్గా తినట్లేదండి. వారమైంది" అన్నాడు.

"రా, కూచో."

"మీరు తినండక్కా. మీరు తిన్నాక..."

"అమ్మ పోయింది కదా. నాకు తెలుసు. రా, కూచో."

హన్నా గారు నిలబడ్డ చోటే కూలబడింది. మీరు ఓడెక్కేక నాలుగో రోజునండి అంది. ఓడకి కబురెలా పంపాలో తెలీలేదండి అంది. నిన్న కాక మొన్న పోయిన తల్లి కోసం ఆవిడా, ముప్పై తొమ్మిదేళ్ళ కిందట వదిలొచ్చిన తల్లి కోసం ఈవిడా అప్పుడు ఏడ్చారు. మేం లేచి బయటికి వెళ్ళబోతే అత్తయ్య వద్దన్నట్టు చెయ్యి ఊపారు. కంచం ఇద్దరి మధ్యకీ జరిపి, ముద్ద కలిపి చెల్లెలి చేతిలో పెట్టారు. హన్నా గారు తింది.

"అక్కకి ఏం వండనే అని అడిగేనండి అమ్మని" అంది ముద్ద మింగి. "టెలిగ్రాం రాకముందే అడిగేను. ఎండుచేపలు, దానికి ప్రాణం, వంకాయ వేసి వండు, రాగానే ముందు అదే పెట్టు అంది."

అత్తయ్య కలుపుతున్న చెయ్యి ఆగింది. కంచంలోకి అప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూశారు.

"ఎండుచేప నాకు ఇష్టమా?"

"అమ్మ చెప్పిందండి."

"నాకు గుర్తులేదే" అన్నారు అత్తయ్య.

చేపముక్క సగం విరిచి చెల్లెలికి పెట్టి, మిగతా సగం తను నోట్లో పెట్టుకున్నారు. చాలాసేపు నములుతూ కూచున్నారు.